చెరసాలలో చిన్నబోయిన ముఖములు

పాఠ్యభాగము: ఆదికాండము 40:1-23; హెబ్రీయులకు 13:3



యోసేపు పరదేశములో, చేయని నేరమునకు చెరసాలలో ఉన్నాడు. ఒక ఉదయము తోటి ఖైదీలైన పానదాయకుల అధిపతి, భక్ష్యకారుల అధిపతి చిన్నబోయి ఉండుట చూచి, కారణమేమని అడిగెను. వారు చేసిన నేరమేమని అడుగలేదు. మనమైతే మొదట నేరమునే అడుగుదుము. జైలులో ఉన్నవారి మనస్సు ఎందుకు జబ్బుపడునో ఈ పాఠములో నేర్చుకొందము.

బెంగుళూరు కేంద్ర కారాగారములో 5,024 మంది ఖైదీలను నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి, 2011లో నివేదిక ప్రకటించిరి. మత్తు అలవాటును కూడ కలిపి చూడగా నూటికి దాదాపు 80 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నది. మత్తు అలవాటును తీసివేసి లెక్కించినను నూటికి 27 మందికి పైగా రోగులే. ఇందుకు ఒక్క కారణము కాదు, అనేక కారణములు గలవు.

1. జైలుకు రాకముందే ఉన్న జబ్బు

చిన్ననాటి దెబ్బలు, తలకు తగిలిన గాయములు, బీదరికము, వైద్యము దొరకని మనోవ్యాధి కొందరికి ముందునుండియే ఉండును. ఇంటివారు దయ్యమని తలంచి ఆసుపత్రికి తీసికొనిపోరు. అయితే ఒక సంగతి మరువరాదు. మనోవ్యాధిగలవారిలో అత్యధికులు ఏ నేరమును చేయరు. జబ్బు, నేరము ఒకటి కావు.

2. సారా, గంజాయి

ఏండ్ల తరబడి త్రాగినవాడు అరెస్టయిన దినమున అకస్మాత్తుగా మానవలసివచ్చును. రెండు మూడు దినములలో చేతులు వణకును, ఫిట్సు రావచ్చును, లేనివి కనబడును, వినబడును. చూచువారు దయ్యము పట్టినదందురు. నిజమునకు అది ప్రాణాపాయకరమైన స్థితి. వెంటనే డాక్టరు చూడవలెను.

3. జైలు జీవితము

2022 డిసెంబరు 31 నాటికి మన దేశపు జైళ్లలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది ఉండిరి. ఇరుకు, నిద్రలేమి, భయము, పనిలేని పగలు బలవంతుని మనస్సునైనను క్రుంగదీయును. ఆ ఒక్క సంవత్సరమే 119 మంది ఖైదీలు ఆత్మహత్య చేసికొనిరి. లోపలికి వచ్చిన మొదటి దినములు మిక్కిలి ప్రమాదకరమైనవి.

4. అంతు తెలియని నిరీక్షణ

ఆ ఖైదీలలో 4,34,302 మంది, అనగా నలుగురిలో ముగ్గురు, విచారణ ముగియనివారే. శిక్షపడినవాడు దినములు లెక్కించుకొనును. వీరికి లెక్కించుటకు తేదీయే లేదు. బెయిలు వచ్చినను జామీను ఇచ్చువారు లేక లోపలనే ఉండువారు కలరు. యోసేపును కూడ పానదాయకుడు మరచిపోగా రెండేండ్లు గడచెను.

5. వేరైన భాష, దూరమైన ఇల్లు

ఇది మనకు మిక్కిలి దగ్గరి సంగతి. పనికోసము వచ్చిన తెలుగువాడు కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా జైలులో పడినప్పుడు వార్డరు మాట అర్థము కాదు, కోర్టు కాగితము చదువలేడు, తన బాధను డాక్టరుకు చెప్పలేడు. ఐగుప్తులో యోసేపు అన్నలకు ద్విభాషి కావలసివచ్చెను గదా! ఇంటివారు సిగ్గుచేత రారు. స్త్రీలను చూడవచ్చువారు మరింత తక్కువ.

6. అపరాధ భారము

చేసిన తప్పు మనస్సును కాల్చును. పశ్చాత్తాపము మనుష్యుని దేవునివైపునకు, తాను గాయపరచినవారివైపునకు త్రిప్పును. క్రుంగుదల అను వ్యాధి నిద్రను, ఆకలిని, బ్రదుకవలెనను కోరికను తీసివేయును. మొదటిదానికి కాపరి చాలును; రెండవదానికి కాపరితోకూడ డాక్టరును కావలెను. ప్రార్థన చేసితిమిగదా అని మాత్రలు మాన్పించుట పాపమని చెప్పుటకు నేను జంకను.

మనమేమి చేయగలము?

జైలులో ఉన్నవాని తల్లి ఆదివారమున వెనుక బల్లమీద కూర్చుండి, ముగింపు ప్రార్థనకు ముందే లేచి వెళ్లిపోవుట మన సంఘములలో చూచుచున్నాము. మొదట ఆమె ప్రక్కన కూర్చుండుడి. ములాఖత్ దినమున ఆమెతో వెళ్లుడి. వెళ్లలేనివారు తెలుగులో ఉత్తరము వ్రాయుడి.

అతడు పూర్వము మందులు వాడినయెడల, పాత డాక్టరు చీటీ నకలును జైలు సూపరింటెండెంటుకును జైలు డాక్టరుకును వ్రాతపూర్వకముగా అందజేయుడి. మాత్రలు ఆగిపోవుటవలన జబ్బు తిరుగబెట్టును.

1987 నాటి చట్టము ప్రకారము నిర్బంధములో ఉన్న ప్రతివానికి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. జిల్లా న్యాయసేవల సంస్థలో అడుగవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఖైదీలకును వర్తించును. ఇంటివారి మనస్సు క్రుంగినయెడల టెలిమానస్ నంబరు 14416కు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును.

నేరమువలన గాయపడిన కుటుంబమును మరువకుడి. ఖైదీని దర్శించుట వారి కన్నీటిని తేలిక చేయుట కాదు. ఇద్దరియొద్దకును వెళ్లుట సంఘమునకు తగినది.

బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలనుండి సందేహముతో ప్రభువునొద్దకు శిష్యులను పంపెను (మత్తయి 11:2-6). ప్రభువు అతని గద్దింపక జవాబు పంపి, జనుల యెదుట అతని గొప్పగా చెప్పెను. చెరలో మనస్సు తల్లడిల్లుట విశ్వాసహీనతయని మనము తీర్పు తీర్చవద్దు.

చర్చించుటకు ప్రశ్నలు

1. యోసేపు తోటి ఖైదీలను ఏమి అడిగెను? మనము ఏమి అడుగుదుము?
2. మన సంఘములో జైలు సంగతి దాచుకొనుచున్న కుటుంబమున్నదా? వారు దాచుకొనుటకు మన మాటలు కారణమా?
3. మన ఊరి జైలులో తెలుగు ఖైదీకి ద్విభాషిగా నిలువగలవారు మనలో ఎవరు?

ప్రార్థనాంశములు: విచారణకై ఎదురుచూచుచున్నవారు, జైలు వైద్యులు, వార్డర్లు, నేరమువలన నష్టపోయిన కుటుంబములు, ఖైదీల తల్లులు, భార్యలు, పిల్లలు.