కంగారుపడితేనే చదువొస్తుందా?

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదివే మన పిల్లల తల్లిదండ్రులు తరచూ అనే మాట: "ఆ మాత్రం టెన్షన్ లేకపోతే సీరియస్‌గా ఎలా చదువుతాడండీ?" ఈ మాటతోనే నాకు పేచీ. పరీక్ష ముందు కాస్త గుండెదడ అందరికీ ఉండేదే. కానీ 'కంగారుపడితేనే చదువుతాను' అన్న నమ్మకం తలకెక్కిందంటే, మనసు కుదుటపడిన రోజున కూడా 'బద్ధకం వచ్చేసిందా' అని కొత్త బెంగ మొదలవుతుంది.

ఆందోళనను సాగదీసేది వచ్చిన ఆలోచన కాదు, దాని గురించి మనం నమ్మేదేనంటారు మాంచెస్టర్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఏడ్రియన్ వెల్స్. కంగారు మేలు చేస్తుందనుకోవడం అలాంటి నమ్మకమే. అది మొదలైతే నా వశంలో ఉండదనుకోవడం, నా జ్ఞాపకశక్తిని నమ్మలేననుకోవడం కూడా అంతే.

ఈ చివరిదాన్నే కోచింగ్ వ్యాపారం సొమ్ము చేసుకుంటోంది. ప్రాథమిక హక్కుల అధ్యాయం నాలుగుసార్లు చదివిన అమ్మాయి పుస్తకం మూసి ఒక్క పాత ప్రశ్నకైనా జవాబు రాయదు. గుర్తులేదేమోనని ఐదోసారి చదువుతుంది. జిరాక్స్ షాపులో మరో సంస్థ నోట్సు కొంటుంది, మరో టెస్ట్ సిరీస్‌లో చేరుతుంది. గది అద్దె, మెస్, లైబ్రరీ ఫీజులకే అప్పు చేస్తున్న ఇంటి మీద ఇదంతా అదనపు భారం. రెండో టెస్ట్ సిరీస్‌కు దయచేసి డబ్బు కట్టకండి. పుస్తకం మూసి రాయమనండి. గుర్తుందో లేదో అక్కడే తేలిపోతుంది.

'నా వశంలో లేదు' అన్నదానికి వెల్స్ పద్ధతిలో ఓ సాధన ఉంది. చదువు మధ్యలో 'ప్రిలిమ్స్ పోతే?' అన్న ఆలోచన వస్తే తరమొద్దు, దానితో వాదించొద్దు. సాయంత్రం ఆరింటికి చూద్దామని వాయిదా వేయాలి. అప్పుడు పావుగంట చాలు, అవసరం లేదనిపిస్తే అదీ వద్దు. వాయిదా వేయగలిగితే వశంలో ఉన్నట్టే కదా! చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వాయిదా మాటే లేదు. వెంటనే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయాలి, డాక్టర్‌ను కలవాలి.

ఇక ఎన్నేళ్లు, ఎక్కడ చదవాలన్న సంగతి. సివిల్స్‌కు అర్హత డిగ్రీ, వయసు 21 నుంచి 32; జనరల్ అభ్యర్థులకు 6 ప్రయత్నాలు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపులుంటాయి. అంటే ఆరేళ్లు ఢిల్లీలో కూర్చోమని కాదు. ప్రిలిమ్స్ హైదరాబాద్, విజయవాడ, తిరుపతిలోనూ రాయొచ్చు, మెయిన్స్ తెలుగులోనూ రాయొచ్చు. మొదటి ప్రయత్నం ఇంటి నుంచే, వీలైతే ఉద్యోగం చేస్తూ, గ్రూప్స్ కూడా రాస్తూ చేయమంటాను. ఢిల్లీ తప్పదనుకుంటే గడువు ఒక్క ఏడాదే పెట్టుకోండి. ఆ ఏడాది తర్వాత ఏం చేయాలో రైలెక్కకముందే పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి.