పెచ్చు ఊడినంత మేరకే

హైవే మీద ముందు వెళ్తున్న టిప్పర్ చక్రం కింద నుంచి కంకర రాయి ఎగిరొచ్చి బానెట్‌కి తగులుతుంది. లేదంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలు తలుపు విసురుగా తీస్తే అంచు వెళ్లి స్తంభానికి కొట్టుకుంటుంది. బియ్యపు గింజంత మేర పెయింటు పెచ్చు ఊడుతుంది. కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఆ క్షణంలో మన నోటి వెంట వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో గమనించారా? "ఎవరు చేశారు?"

జవాబు దొరికినా పెచ్చు అతుక్కోదు. ఇంట్లోవాళ్ల మొహాలు మాత్రం సాయంత్రం దాకా ముడుచుకునే ఉంటాయి. ఈసారి ఆ ప్రశ్న మింగేసి, "ఎంత లోతు పోయింది?" అని అడిగి చూడండి. చిన్న దెబ్బ తగిలినప్పుడు మనం చేసే పొరపాట్లు రెండు. పట్టించుకోకుండా వదిలేస్తాం, లేకపోతే అవసరానికి పదింతలు హడావిడి చేస్తాం. లోతు చూసి, అంతకు తగినంత మరమ్మతు చేసి ఆగడం ఒక విద్య. దాన్ని నేర్చుకోవడానికి కారు మీది పెచ్చు చక్కటి సాధన. ఖర్చు కొన్ని వందల రూపాయలు, మీరు పెట్టాల్సింది కాస్త ఓపిక.

ముందు లోతు సంగతి. కారు రంగు చూడ్డానికి ఒకే పూతలా ఉంటుంది గానీ నిజానికి నాలుగు పొరలు. రేకు బాడీని పెద్ద తొట్టెలో ముంచి, విద్యుత్తు సాయంతో ఎక్కించే తుప్పు నిరోధక పూత మొదటిది. దాని మీద ప్రైమర్, ఆపైన మన కంటికి కనిపించే రంగు, అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోటు. ఈ నాలుగూ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లుంటే, అసలు రంగు వాటా 15, 20 మైక్రాన్లే. ఈ అంకెలతో తర్వాత పని పడుతుంది.

కారు శుభ్రంగా కడిగి, ఆరాక, మంచి వెలుతురులో వంగి చూడండి. గీత మీద అడ్డంగా గోరు పోనివ్వండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే దెబ్బ పైపొరతోనే సరిపోయింది, పాలిష్ పెడితే చాలు. గోరు ఆగిందంటే లోపలికి దిగినట్టు. పెచ్చు అడుగున బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ ఇంకా కాపు కాస్తోందని అర్థం, ఈ నెలలో తీరిక చూసుకుని చేయొచ్చు. మెరిసే లోహం కనిపించిందా, ఈ వారం దాటనివ్వకండి. గోధుమ రంగు చుక్క తేలితే తుప్పు అప్పటికే మొదలైంది. బంపరు మీద నల్లగా కనిపించేది ప్లాస్టిక్, దానికి తుప్పు భయం లేదు. అది అందం కోసం చేసుకునే పని, మీ ఇష్టం.

"తర్వాత చూద్దాంలే" అనేది లోహం బయటపడినప్పుడే మనల్ని ముంచుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఊడిన చోటే ఉండిపోకుండా పక్కనున్న మంచి పెయింటు కిందకి పాకి, దాన్ని లోపలి నుంచి పైకి లేపుతుంది. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి దీన్ని ఇంకా తొందరపెడుతుంది. మనుషుల మధ్య మాటజారడమూ ఇంతే. తమ్ముడితో ఫోన్‌లో విసురుగా అన్న ఒక్క మాట, ఇద్దరి మధ్య పాత చనువు గట్టిగా ఉంటే నెల రోజులు ఆగినా ఏమీ కాదు. ఆ చనువు అప్పటికే పలచబడిపోయి ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు, ఆ రాత్రే ఫోన్ చేయాలి. రెండిటికీ తేడా కనిపెట్టాలంటే మనమే ఓ నిమిషం వంగి చూసుకోవాలి.

హడావిడి సంగతికొద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గింజంత పెచ్చుకి బానెట్ మొత్తం రంగు వేయించేస్తారు. ఫ్యాక్టరీలో ఉత్త బాడీ మీద వేసిన పూత వేడి ఓవెన్లలో కాలి గట్టిపడింది. రబ్బర్లు, ప్లాస్టిక్కులు, వైర్లు బిగించిన కారుకి బయట షెడ్డులో అంత వేడి ఇవ్వలేరు. నిక్షేపంలాంటి పూతను గీకించేసి, దాని చోట అంతకన్నా తక్కువ రకం పూతను డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటున్నామన్నమాట. రేపు కారు అమ్మబోతే, కొనేవాడు పూత మందం కొలిచే మీటరు ఆనించి "ఇక్కడ యాక్సిడెంట్ అయిందాండీ?" అని అడుగుతాడు. ఇన్సూరెన్స్ క్లెయిం పెట్టారా, అది మరో నష్టం. ఏడాది పొడుగునా క్లెయిం లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, వరసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం తగ్గింపునిచ్చే నో క్లెయిం బోనస్ చేతులారా పోగొట్టుకుంటాం. పైగా 1500 సీసీ లోపు కార్లకి ప్రతి క్లెయింలోనూ మొదటి 1000 రూపాయలు మన జేబులోంచే పోతాయి.

ఇంట్లోనూ ఇలాగే చేస్తాం. యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గితే ట్యూషనే మార్పించేస్తాం. ఆఫీసులో రిపోర్టులో ఒక అంకె తప్పు పడితే ఆ కుర్రాడి చేత మొత్తం తిరగరాయిస్తాం. తప్పిన చోటు చూపించి అదొక్కటీ దిద్దించి ఉంటే పని అరగంటలో అయిపోయేది, అతని ఉత్సాహమూ నిలిచేది.

పనిలోకి దిగుదాం. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీదో, బానెట్ కింద బిగించిన ప్లేటు మీదో పెయింటు కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చెప్పి టచప్ సీసా కొనండి. "తెలుపే కదా" అని చేతికందింది తెచ్చుకోవద్దు, తెలుపులోనే బోలెడు రకాలున్నాయి. మెటాలిక్ రంగైతే అందులోని అల్యూమినియం పొడి అడుగుకి దిగిపోతుంది కాబట్టి సీసాను బాగా ఊపాలి. పెచ్చు చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత వాక్సు, జిడ్డు మిగిలితే రంగు పట్టదు. తుప్పు ఉంటే వాటర్ పేపర్ చిన్న ముక్క పెన్సిల్ వెనకవైపుకి అంటించి, తుప్పు ఉన్నంత మేరకే గీకండి. లోహం కనిపించిన చోట ప్రైమర్ చుక్క పెట్టి ఆరనివ్వండి.

తర్వాత రంగు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఈ పని చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. టూత్‌పిక్ మొన రంగులో ముంచాడు. సీసా మూతికి తాకించి ఎక్కువైంది వదిలించాడు. పెచ్చు నడిమధ్యన మొన ఆనించి తీసేశాడు. రంగు తనంతట తానే అంచుల దాకా పాకి ఆగింది. పక్కనున్న కుర్రాడు ఉత్సాహంగా బ్రష్ అందుకోబోతే, "ఒరేయ్, పూయమాకురా. ముట్టించి వదిలెయ్, అదే సర్దుకుద్ది" అన్నాడు.

ఆ వదిలేయడమే అన్నిటికన్నా కష్టం. ద్రావకం ఆవిరయ్యేకొద్దీ చుక్క కుంగిపోయి, గుంట మళ్లీ కనిపిస్తుంది. అక్కడే చేయి ఊరుకోదు. ఒకేసారి దట్టంగా నింపేద్దామనిపిస్తుంది. అలా నింపితే పైన పొర కట్టి లోపలి ద్రావకం బయటికి రాలేక చిక్కుకుంటుంది, రంగు మెత్తగా ఉండిపోతుంది, బుడగలు లేస్తాయి. పలచటి చుక్క, సీసా మీద రాసినంత సేపు విరామం, మళ్లీ పలచటి చుక్క. మధ్యలో ఆరిందో లేదోనని వేలితో తాకకండి. అక్కణ్ణుంచి లేచి వెళ్లి కాఫీ కలుపుకోండి, పిల్లాడి లెక్కలు చూడండి. పూర్తిగా ఆరాక అదే పద్ధతిలో క్లియర్ కోటు. ఇదంతా నీడపట్టున, బానెట్ చల్లగా ఉన్న ఉదయం పూట చేయాలి. మే నెల మధ్యాహ్నం రేకు మీద రంగు సర్దుకోకముందే ఎండిపోతుంది. ముసురు పట్టిన రోజున గాలిలో తేమకి పాలిపోతుంది.

కొన్ని రోజులు పోయాక చుక్క కాస్త ఉబ్బెత్తుగా అనిపిస్తే 2000, ఆపైన 3000 నంబరు వాటర్ పేపర్ సబ్బునీళ్లలో తడిపి, ఉబ్బెత్తు మీద మాత్రమే తేలిగ్గా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పెట్టొచ్చు. ఇందాకటి అంకెలు గుర్తు చేసుకోండి. చుట్టూ ఉన్న క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లే. ఇంకాస్త నునుపు, ఇంకాస్త అంటూ రుద్దితే పైపూత పూర్తిగా అరిగిపోతుంది. అప్పుడు నిజంగానే షెడ్డుకి పోవాల్సొస్తుంది. చేయి తిరగనివాళ్లు ఉబ్బెత్తును అలాగే వదిలేయడం మేలని నా అభిప్రాయం. మెటాలిక్ రంగు నూటికి నూరు పాళ్లు కలవదు, దగ్గరగా చూస్తే మచ్చ తెలుస్తుంది. తెలియనివ్వండి. లోహానికి నీరు తగలకుండా మూయడం మన పని, అది అయిపోయింది.

రేకు సొట్ట పడినా, పెయింటు బుడగల్లా లేచినా, ముందు అద్దం అంచున తుప్పు కనిపించినా మీరు చేయి పెట్టకండి. టింకరింగ్ తెలిసినవాళ్లకి చూపించండి. కొత్త చుక్క మీద నెల రోజుల దాకా వాక్సు వద్దు. మిగిలిన రంగు సీసాను కారులో వదిలితే ఎండకి గట్టిపడుతుంది, మూత బిగించి ఇంట్లో చల్లటి చోట పెట్టుకోండి. జూన్ వానలు మొదలవకముందే ఒకసారి కారు చుట్టూ తిరిగి బానెట్ ముందు అంచు, తలుపుల అంచులు, చక్రాల పైనున్న వంపులు గోరు పెట్టి చూడండి.