కారు ఆల్టర్నేటరు: పరీక్షించడం, ఇంటివద్ద మార్చుకోవడం

ఎలక్ట్రికల్ మెషీన్స్ పేపరులో ఆల్టర్నేటరు మీద ఒక ప్రశ్న దాదాపు ప్రతి ఏడూ వస్తుంది. సమీకరణం రాస్తాం, పటం గీస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. అదే యంత్రం చిన్న రూపంలో మన వాకిట్లో ఉన్న కారు బానెట్ కింద తిరుగుతూ ఉంటుంది. కారు మొరాయించిన రోజున షెడ్డులో మేస్త్రి "డైనమో పోయింది సార్, మార్చాలి" అంటే మాత్రం మారుమాట లేకుండా డబ్బిచ్చి వస్తాం. నిజంగా అదే పోయిందా, బెల్టు వదులైందా, లేక బాటరీ టెర్మినల్‌కు చిలుము పట్టిందా అని అడగాలని మనకు తోచదు.

ఒక చిన్న మల్టీమీటరు ఉంటే పది నిమిషాల్లో ఆ సంగతి తేల్చవచ్చు. నిజంగా పోయిందని తేలితే, పాత రకం కార్లలో ఇంటివద్దనే మార్చుకోవచ్చు. ఉదాహరణకు వీ-బెల్టుతో నడిచే పెట్రోలు కారును, మారుతి 800 వంటిదాన్ని తీసుకుందాం. దాని తయారీ 2014లో ఆగిపోయినా, పని నేర్చుకొనేవారికి అటువంటి బండే అనుకూలం.

యంత్రం పనిచేసే తీరు

పూర్వం కార్లలో డైనమో ఉండేది. అందులో తిరిగేది ఆర్మేచరు. బండికి కావలసిన కరెంటంతా కమ్యుటేటరు మీదుగా బ్రష్‌లలోంచి బయటికి రావాలి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది సరిగా ఛార్జి చేసేది కాదు. సిలికాన్ డయోడ్లు చవకగా దొరకడం మొదలయ్యాక ఈ ఇబ్బంది తీరింది. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ వాలియంట్ కారులో ఆల్టర్నేటరు అమర్చింది. తర్వాత మిగతావారూ అదే దారి పట్టారు. మన షెడ్లలో మాత్రం దాన్ని ఇప్పటికీ "డైనమో" అని పిలవడం కద్దు.

ఆల్టర్నేటరులో తిరిగేది ఫీల్డు. రోటరు మీది తీగచుట్టకు రెండు స్లిప్ రింగుల ద్వారా అందేది కొద్ది ఆంపియర్లే. అందుచేత కార్బన్ బ్రష్‌లు చాలాకాలం మన్నుతాయి. అసలు కరెంటు కదలని స్టేటరులోని మూడు వైండింగులలో పుడుతుంది. ఆరు డయోడ్లు ఆ త్రీ-ఫేజ్ ఏ.సి.ని డి.సి.గా మారుస్తాయి. రెగ్యులేటరు రోటరు కరెంటును ఎప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ, వోల్టేజి సుమారు 14 దగ్గర నిలిచేటట్లు చూస్తుంది.

మన పాత సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. పోల్‌ల సంఖ్యను నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. కారు ఆల్టర్నేటరుకు 12 పోల్‌లు ఉన్నాయనుకుందాం. ఇంజను ఆగి ఉన్నచోట 800 చుట్లు తిరుగుతుంటే, పుల్లీల తేడావల్ల ఆల్టర్నేటరు 2,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఫ్రీక్వెన్సీ 200 సైకిల్స్. ఇంట్లో కరెంటు 50 సైకిల్సే!

ఇది పనిచేయకపోతే ఏమవుతుంది? హెడ్‌లైట్లు రెండూ కలిపి 120 వాట్లు, అంటే సుమారు 10 ఆంపియర్లు. వెనుక దీపాలు, ఇగ్నిషన్ వగైరాలు కలిపి 15 అనుకుందాం. 35 ఆంపియర్-అవర్ బాటరీ లెక్క ప్రకారం రెండు గంటలు చిల్లర వస్తుంది. నిజానికి వోల్టేజి పడిపోవడంవల్ల అంతకుముందే బండి ఆగిపోతుంది. రాత్రిపూట విజయవాడలో బయల్దేరినవాడు హైదరాబాదు చేరడు. నడిదారిలో, లైట్లు మసకబారి, వెనుక లారీలు వస్తుండగా ఆగిపోతాడు. కాబట్టి ఛార్జింగ్ లైటు వెలిగితే "ఇల్లు చేరాక చూద్దాంలే" అనుకోవడం మంచిది కాదు.

పోయిందని ఎలా తేల్చాలి?

ముందు కంటితో చూడండి. బెల్టు పగిలిందా, వదులుగా ఉందా? బాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుందా? తాళం తిప్పినప్పుడు, ఇంజను స్టార్టు కాకముందు, ఛార్జింగ్ లైటు వెలుగుతోందా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. చాలా పాత కార్లలో రోటరుకు మొదటి కరెంటు ఆ బల్బుగుండానే అందుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటరు బాగున్నా ఛార్జి మొదలు కాకపోవచ్చు.

తర్వాత మీటరును డి.సి. 20 వోల్టుల మీద పెట్టి ఈ వరుసలో చూడాలి.

1. బండి కొన్ని గంటలు ఊరికే ఉన్న తర్వాత బాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగం; 12కు దిగువన ఉంటే ఖాళీ అయినట్లే.

2. ఇంజను స్టార్టు చేసి కాస్త రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 12 దగ్గరే ఉండిపోతే ఛార్జి కావడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లు. అది బాటరీని ఉడికిస్తుంది.

3. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి చూడండి. అప్పుడు కూడా 13కు పైన నిలవాలి.

4. తక్కువ చూపితే వెంటనే ఆల్టర్నేటరును తప్పుపట్టకండి. లైట్లు వేసే ఉంచి, దాని వెనుకనున్న లావు తీగ టెర్మినల్‌కూ బాటరీ పాజిటివ్‌కూ మధ్య చూడండి. అర వోల్టుకు మించి చూపితే దోషం తీగలోనో, జాయింటులోనో ఉంది. అలాగే ఆల్టర్నేటరు బాడీకి, బాటరీ నెగెటివ్‌కు మధ్య 0.2కు మించితే ఎర్త్ సరిగా లేదు.

బెల్టు, బల్బు, తీగలు, ఎర్త్ అన్నీ బాగుండి, ఆల్టర్నేటరు టెర్మినల్ దగ్గరే వోల్టేజి రాకపోతే అప్పుడు దోషం దానిదే. అయినా కొత్తది కొనేముందు ఆటో ఎలక్ట్రీషియనుకు ఒకసారి చూపడం లాభం. బ్రష్‌లు, రెగ్యులేటరు, బేరింగులు విడిగా మార్చే వీలు చాలావాటికి ఉంది.

చేయకూడని పరీక్ష

ఇంజను నడుస్తుండగా బాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే "ఛార్జింగ్ బాగుంది" అనడం చాలాచోట్ల వాడుక. డైనమో రోజులనుంచి వచ్చిన అలవాటిది. బాటరీ కరెంటును దాచుకోవడమేగాక, వోల్టేజిని అదుపులో పెట్టే పెద్ద కెపాసిటరులాగా కూడా పనిచేస్తుంది. దాన్ని హఠాత్తుగా తప్పిస్తే రోటరులోని అయస్కాంత క్షేత్రం అంత త్వరగా తగ్గదు. సెకనులో చిన్న భాగంపాటు వోల్టేజి పదుల వోల్టులకు ఎగుస్తుంది. డయోడ్లు పోవచ్చు, రెగ్యులేటరు పోవచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఇంజను కంప్యూటరే దెబ్బతినవచ్చు. బాగున్న ఆల్టర్నేటరును పరీక్ష పేరుతో చంపడమన్నమాట. ఎవరైనా చేయబోతే మర్యాదగా వద్దనండి, మీటరు చేతికివ్వండి.

మార్చే విధానం

ఇంజను చల్లారనివ్వండి. సమతలంగా ఉన్నచోట హ్యాండ్ బ్రేకు వేయండి. చేతి ఉంగరం, గొలుసు, వాచీ తీసి పక్కన పెట్టండి.

మొట్టమొదట బాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయాలి. ఎందుకంటే ఆల్టర్నేటరు వెనుకనున్న లావు తీగ స్విచ్చి లేకుండా బాటరీకి కలిసి ఉంటుంది. తాళం తీసేసినా దాంట్లో కరెంటు ఉన్నట్లే. స్పానరు ఆ నట్టుకూ బాడీకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారి స్పానరు ఎర్రగా కాలుతుంది.

తీగలు ఏది ఎక్కడుందో ఫోనుతో ఫోటో తీసుకోండి, లేదా కాగితం మీద గీసుకోండి. నట్టు విప్పి లావు తీగ, క్లిప్పు నొక్కి కప్లరు తీయండి. కప్లరును తీగ పట్టి లాగకూడదు.

ఇప్పుడు సర్దుబాటు బోల్టును, కింది ఇరుసు బోల్టును వదులు చేసి ఆల్టర్నేటరును ఇంజను వైపు నెట్టితే బెల్టు జారి వస్తుంది. ఒక చేత్తో కిందినుంచి ఆసరా ఇస్తూ బోల్టులు పూర్తిగా తీయండి. చిన్నదే అయినా కొన్ని కిలోల బరువుంటుంది. కాలి మీద పడితే తెలుస్తుంది.

పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. వోల్టులు, ఆంపియర్లు, పుల్లీ వ్యాసం, గాడి, బిగించే చెవుల మధ్య దూరం, కప్లరు పిన్నులు సరిపోవాలి. ఈ రెండు నిమిషాలు అంగడికి రెండోసారి తిరిగే శ్రమను తప్పిస్తాయి.

బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించండి. బెల్టు వేసి, కర్రతోనో, లీవరుతోనో ఆల్టర్నేటరును బయటికి తన్నిపట్టి సర్దుబాటు బోల్టు బిగించాలి. లీవరు ముందువైపు గట్టి భాగానికే ఆనించాలి, మధ్యనున్న స్టేటరుకు కాదు. రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు కాస్త తక్కువగా దిగాలి. వదులైతే జారి కీచుమంటుంది. మరీ బిగువైతే కొత్త బేరింగులు త్వరగా పోతాయి. ఆ బెల్టే తిప్పే వాటర్ పంపు బేరింగుకూ అదే గతి.

తీగలు కలిపి, లావు తీగ నట్టును బిగించి రబ్బరు తొడుగు వేయండి. బాటరీ నెగెటివ్ చిట్టచివర. పనిముట్లు, గుడ్డముక్కలు లోపల మిగిలిపోలేదని చూసుకుని స్టార్టు చేసి, పై కొలతలు మళ్ళీ తీయండి. బాటరీ పూర్తిగా డౌనై ఉంటే ముందు ఛార్జరుతో ఛార్జి చేయించండి. ఖాళీ బాటరీని నింపే భారమంతా కొత్త ఆల్టర్నేటరు మీద వేస్తే అది వేడెక్కుతుంది. కొన్ని రోజులు తిరిగాక బెల్టు బిగువు ఇంకొకసారి చూడాలి.

ఎక్కడ ఆగాలి?

ఈ విధానం అన్ని కార్లకూ పనికిరాదు. కొత్త కార్లలో కొన్నింటికి ఛార్జింగ్ వోల్టేజిని కంప్యూటరే అవసరాన్నిబట్టి మారుస్తుంది. అక్కడ 14 కనిపించకపోయినా దోషం కాకపోవచ్చు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్‌లో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది. వాటి జోలికి మనం పోకూడదు.

అనుభవమున్న మేస్త్రి బెల్టు చప్పుడు విని చెప్పగలిగింది మనం మీటరుతో చూసి చెప్పాల్సి ఉంటుంది. అందులో చిన్నతనం లేదు. ఒక ఆదివారం ఇద్దరు మిత్రులు కలిసి, బాగున్న బండి మీదనే పై నాలుగు కొలతలు తీసి పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు అదే బండి మొరాయించినప్పుడు, ఏ అంకె మారిందో చూస్తే దోషం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.