బాలుర సంకల్పము - లోకబంధుత్వము

వినాయకచవితినాడు పూజాపుస్తకము విప్పి కూర్చున్న బాలుడు మొదట చెప్పునది సంకల్పము. తాను ఏ కాలమున, ఏ చోటినుండి ఈ పూజ చేయుచున్నాడో దేవునికి విన్నవించుటయే దాని తాత్పర్యము. శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగ ప్రథమపాదము అని కాలమును చెప్పి, జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము అని స్థలమునకు దిగును. పిదప శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ అనునది. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమందలి మనూరు బాలుడైనచో శ్రీశైలమునకు వాయవ్యమున, కృష్ణాగోదావరుల మధ్యదేశమున అని చెప్పవలెను. పుస్తకములో అచ్చైన దిక్కునే అన్ని ఊళ్లవారును చదివివేయుట పొరపాటు.

ఈ వరుసలో భరతఖండము ఒక మెట్టు. మొదటిది కాదు, కడపటిదియు కాదు. అమెరికాలోని తెలుగు బిడ్డలు జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమనియు, భరతవర్షమునకు మారుగా రమణకవర్షమనియు చెప్పు వాడుక అచటి ఆలయములలో ఏర్పడినది. స్థలమును తెలుపు మాటలు మారినవి; కాలమును తెలుపునది ఒక్కటియు మారలేదు. మన్వంతరమనగా ఒక మనువు ఏలుబడి. ఆ మనువు సంతతియే మానవులు. సంకల్పమన్న మాటనే ఎన్నడును వినని పరదేశపు బాలుడును దాని పరిధిలోనివాడే.

అయితే సంకల్పము చెప్పువారు కొందరే. బడిలో ప్రతిజ్ఞను అందరును చెప్పుదురు. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు విశాఖపట్టణమున ఖజానా అధికారిగా నుండి 1962లో దానిని తెలుగున రచించిరి. చైనాతో యుద్ధము జరిగిన యేడది. 1965 జనవరి 26 నుండి అది దేశమంతటను బడులలో నెలకొన్నది. భారతీయులెల్లరును తోబుట్టువులని చెప్పించిన పిమ్మట, ఎవరియెడనైనను మర్యాదతో మెలగుదునని, జంతువులయెడ దయ చూపుదునని కూడ ఆయన పిల్లలచేత పలికించిరి. ఈ రెండు మాటలకును పౌరసత్వపు హద్దు లేదు. స్వదేశాభిమానము లోకబంధుత్వమునకు అడ్డు అని తలచువారు ఆ ప్రతిజ్ఞను కడదాక చదువవలెను.

మాట నేర్పుట సులభము. భూమియంతయు ఒకే కుటుంబమను భావము మహోపనిషత్తున ఉదారుల లక్షణముగా చెప్పబడినది. 2023లో భారతదేశము జి-20 కూటమికి అధ్యక్షత వహించినపుడు అదియే నినాదమై పిల్లల నోటికిని వచ్చినది. కాని హితోపదేశమున, మిత్రలాభమందు, ఆ శ్లోకమునే పలుకునదెవరు? లేడిని తినగోరిన నక్క. శీలమెరుగని వానిని చేరదీయరాదని కాకి హెచ్చరింపగా, నక్క కోపించి, శ్లోకము చదివి చుట్టమై కూర్చున్నది. తీరా లేడి వలలో చిక్కి విడిపింపుమని వేడుకొన్నపుడు, నరములతో పేనిన వలను ఆదివారమునాడు పంటితో తాకరాదని నియమము చెప్పి తప్పుకొన్నది. నారాయణపండితుడు ఈ ఘట్టమును బాలురకే వ్రాసెను. శ్లోకమును నేర్పువారు నక్కను దాచిపెట్టరాదు.

మనూరు పిల్లలు ఈ పాఠమును దూరదేశములలో వెదకనక్కరలేదు. నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. ఆ యేడు నవంబరు 1న ఆంధ్రప్రదేశములో చేరి మెదకు జిల్లాకు వచ్చినది. 2014లో తెలంగాణములోనిది, 2016లో సంగారెడ్డి జిల్లాలోనిది అయినది. ఊరు కదలలేదు. బాలాఘాట్ కొండలలో పుట్టి, మహారాష్ట్రమును కర్ణాటకమును తడిపి, ఈ సీమకు వచ్చి, కందకుర్తియొద్ద గోదావరిని చేరు మంజీరకు ఈ మార్పులతో పనిలేదు. కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు ఇచటి సంతలో తెలుగుతో కలిసి వినబడును.

ఈ ప్రాంతపు తండాలనుండి చెరకు నరకుటకు పొరుగు సీమలకు పోవు కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని పోవుట కలదు. అక్కడ ఆ బాలుడు పరాయివాడు. నెలలు గడచి తిరిగి వచ్చి తన తరగతిలో కూర్చుండునప్పటికి పాఠములు దాటిపోయి యుండును; ఇచటను పరాయివాడే. ఉదయము వరుసలో నిలిచి అందరితోపాటు ప్రతిజ్ఞ చెప్పును. లోపలికి వచ్చిన పిమ్మట ప్రక్కవాడు తన పుస్తకమును అతనివైపు జరుపునా, జరుపడా అనునది ఉపాధ్యాయుడు చూడవలసిన విషయము.