యువజన పాఠము: వ్యాధిలో ఉన్న యౌవనులకు ఏమి కావాలి?



యానాంలో మనవారిని విడిచి దూరప్రాంతములలో పనిచేసుకొంటున్న మనకు ఫోనులో వచ్చే మాటలే ఇంటి సంగతులు. ఇంట్లో ఒక బిడ్డకు పెద్ద జబ్బు వస్తే ఆ మాటలు కూడా తగ్గిపోతాయి. దూరాన ఉన్నవారు కంగారుపడతారని కొంత దాస్తారు. బిడ్డ భయపడుతుందని జబ్బు పేరే దాస్తారు. ఇది మంచిదేనా? ఈ పాఠములో ఒక నవల ఆధారముగా ఆలోచించుదము.

నవల సంగతి

అమెరికా రచయిత జాన్ గ్రీన్ వ్రాసిన "ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్" 2012లో వెలువడినది. ఆయన యౌవనములో కొంతకాలము పిల్లల ఆసుపత్రిలో చాప్లెయిన్‌గా పనిచేశారు. ఈ కథ 2020లో "దిల్ బేచారా" అను హిందీ సినిమాగా కూడ వచ్చినది.

హేజెల్‌కు 16 ఏండ్లు. థైరాయిడ్ క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకినందున ఆక్సిజన్ సిలిండరును వెంట లాగుకొని తిరుగుతుంది. అగస్టస్‌కు 17 ఏండ్లు. ఎముక క్యాన్సరు వలన ఒక కాలు పోయినది. ఒక చర్చి నేలమాళిగలో జరిగే రోగుల కూటములో వారు కలిశారు, ప్రేమించుకొన్నారు. చివరకు ముందుగా మరణించినది ఆమె కాదు, అతడే.

ఇటువంటి కథ తెలుగువారికి కొత్త కాదు. 1989లో మణిరత్నం తీసిన "గీతాంజలి" సినిమాలో కూడ నాయకుడు, నాయిక ఇద్దరూ ప్రాణాంతక వ్యాధి గలవారే.

మనము నేర్చుకొనవలసినవి

1. జాలి వేరు, తోడు వేరు. ఐజాక్ అను మరొక బాలునికి క్యాన్సరు వలన రెండవ కన్ను కూడ తీసివేయవలసి వచ్చినప్పుడు, అతని స్నేహితురాలు తట్టుకోలేక ముందే విడిచిపోయింది. అగస్టస్ మాత్రము హేజెల్‌తో పుస్తకముల గురించి వాదించాడు, నవ్వించాడు. ఆమెను రోగిగా కాక మనిషిగా చూశాడు.

2. సత్యము చెప్పుట ప్రేమలో భాగము. జబ్బు తిరిగి వచ్చి శరీరమంతా వ్యాపించినదని అగస్టస్ తానే హేజెల్‌కు చెప్పాడు. అందువలన మిగిలిన దినములు ఇద్దరూ కలిసి మోయగలిగారు. దాచిన జబ్బును బిడ్డ ఒంటరిగా మోయవలసి వస్తుంది.

3. తల్లిదండ్రుల బ్రతుకు కూడ బిడ్డకు ఆదరణే. నేను పోతే అమ్మ ఏమైపోతుందోనన్నది హేజెల్ పెద్ద భయము. తల్లి రహస్యముగా సోషల్ వర్క్ చదువుచున్నదని తెలిసినప్పుడు ఆమెకు కోపము రాలేదు, సంతోషము కలిగింది.

ఒక జాగ్రత్త: హేజెల్‌ను బ్రతికించిన మందు రచయిత కల్పించినది. అటువంటి మందు ఎక్కడైనా దొరుకునేమోనని వెదకవద్దు. అయితే నిజ జీవితములో పిల్లల క్యాన్సరులలో అనేకము, త్వరగా గుర్తించి పూర్తి చికిత్స చేయిస్తే నయమవుతాయి. చికిత్సను మధ్యలో ఆపకూడదు.

మన ఊరి మాట

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగమైనందున మనవారు కొందరు పెద్ద చికిత్సకు 800 కిలోమీటర్లకు పైగా ఉన్న పుదుచ్చేరి జిప్మర్‌కు వెళ్తారు. అక్కడ చుట్టూ తమిళము. బడి ఆగిపోతుంది, స్నేహితులు దూరమవుతారు. అటువంటి యౌవనునికి పండ్ల సంచి కన్న వారము వారము తప్పక వచ్చే ఒక ఫోను ఎక్కువ. ఆ ఫోనులో జబ్బు సంగతే కాక క్రికెట్టు, సినిమా, చదువు, మనస్సులో ఉన్న ఇష్టము కూడ మాట్లాడనివ్వండి. ఈ వయసులో ప్రేమ అనగానే గద్దించుట మనకు అలవాటు. జబ్బుపడిన బిడ్డ మనస్సు కూడ ఎదుగుచున్నదని మరువకుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. జబ్బు పేరును బిడ్డకు ఎవరు, ఎప్పుడు, ఎట్లు చెప్పాలి?
2. దూరాన ఉన్న మనకు ఇంటివారు నిజము చెప్పగలిగేలా మనము నడచుకొంటున్నామా?
3. మన ఎరుకలో వ్యాధిలో ఉన్న యౌవనులు ఎవరు? వారితో చివరిసారి ఎప్పుడు మాట్లాడాము?

మూడవ ప్రశ్నకు జవాబు ఈ వారములోనే ఫోను చేసి ఇవ్వండి.