‘అప్‌డేట్’ అంటే ఏం చేస్తుంది రా?

పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందురోజు రాత్రి, గిట్‌హబ్‌లో మేం నలుగురం నెల రోజులుగా పెట్టుకుంటూ వచ్చిన లేబుల్స్ మొత్తం పోయాయి. ఏ ఇష్యూ బగ్, ఏది డాక్యుమెంటేషన్, ఏ మాడ్యూల్‌ది, అన్నీ ఆ లేబుల్స్‌లోనే ఉన్నాయి. పోగొట్టింది మేం కట్టుకున్న ఏఐ ఏజెంటే. నేను దానికి చెప్పింది ఒక్క మాట: "పెండింగ్ ఇష్యూలన్నిటికీ అర్జెంట్ అని లేబుల్ పెట్టు." పెట్టింది. పాతవన్నీ తీసేసి పెట్టింది!

తప్పు నాదే. ఇప్పుడు మన క్లాసుల్లో ప్రతి రెండో టీమ్ ఏజెంట్ కడుతోంది కాబట్టి ఎక్కడ జారానో చెప్తాను.

ఏజెంట్ చేతికి మనం ఇచ్చే ఫంక్షన్లనే టూల్స్ అంటాం. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేసింది. ఏది వాడినా, టూల్‌ని ఎంచుకునేటప్పుడు మోడల్ ముందు ముఖ్యంగా ఉండేవి మూడు: టూల్ పేరు, దాని డిస్క్రిప్షన్, ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే స్కీమా. లోపల మనం రాసిన కోడ్ దానికి కనపడదు.

నా డిస్క్రిప్షన్ ఏమిటంటే, "ఇష్యూని అప్‌డేట్ చేస్తుంది." అంతే. గిట్‌హబ్ ఏపీఐలో ఇష్యూ అప్‌డేట్‌కి లేబుల్స్ పంపితే పంపినవే మిగులుతాయి. ఉన్నవాటికి కొత్తది కలపాలంటే వేరే ఎండ్‌పాయింట్ ఉంది. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో ఈ విషయం స్పష్టంగా రాశారు, నేను చదివాను కూడా. టూల్‌లో మాత్రం రాయలేదు. అప్‌డేట్ అంటే ఎవరికి తెలీదులే అనుకున్నా.

ఆ ఆదివారం చంద్రగిరి దగ్గర మా ఊరికి పోయినా. అవ్వ "అబ్బోడా, ఆ బిందెలో నీళ్ళు మార్చు" అనింది. ఉన్న నీళ్ళ మీదే నాలుగు చెంబులు పోసేసినా. "పొయ్యమన్లేదు రా, మార్చమన్నా!" అని అరిచింది. నిన్నటి నీళ్ళు పారబోసి కొత్తవి పట్టాలంట. లేబుల్స్ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఏజెంట్‌కి పొయ్యమంటే మార్చింది, నాకు మార్చమంటే పోసినా.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. అయినా ఇప్పుడు డిస్క్రిప్షన్ రాసేముందు ఆ పనిని తెలుగులో ఒకసారి పైకి చెప్పుకుంటున్నా: కలుపుతుందా, మారుస్తుందా, తీసేస్తుందా? తెలుగు గొప్ప, ఇంగ్లీష్ తక్కువ అని కాదు, యాడ్, రీప్లేస్ వాళ్ళకీ ఉన్నాయి. కానీ అలవాటు లేని భాషలో చెప్పుకుంటే ‘అప్‌డేట్’, ‘హ్యాండిల్’, ‘మేనేజ్’ లాంటి మాటల వెనక దాక్కోవడం కుదరదు.

మేం తిరగరాసింది ఇది (అసలు ఇంగ్లీష్‌లో ఉంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నా): "ఒక ఇష్యూకి ఉన్న లేబుల్స్ అన్నీ తీసేసి, ఇచ్చిన జాబితాను పెడుతుంది. ఉన్నవి ఉంచి ఇంకొకటి కలపాలంటే ఇది వాడొద్దు, ‘యాడ్ లేబుల్’ వాడు. ఇష్యూ నంబర్ అంటే హ్యాష్ గుర్తు పక్కన కనిపించే చిన్న సంఖ్య, ఏపీఐ ఇచ్చే పొడవాటి ఐడీ కాదు."

ఇందులో ఎక్కువ పనిచేసింది రెండో వాక్యం. రైల్వే స్టేషన్ దగ్గర ఎవరైనా "కొండకు నడకదారి ఎట్ల పోవాల?" అని అడిగితే తిరుపతి వాళ్ళం "ఏ దారి?" అని ఎదురు అడుగుతాం. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు అయితే సుమారు 2,388. మెట్లు తక్కువే, కానీ అది మొదలయ్యేది శ్రీనివాసమంగాపురం అవతల, అక్కడికి పోవడానికి బస్సో ఆటోనో చూసుకోవాలి. అలిపిరి ఊరికి ఆనుకునే ఉంది. "రెండూ కొండకే పోతాయి" అంటే అబద్ధం కాదు, కానీ అడిగినవాడికి దానితో ఏం పని? ‘లిస్ట్ ఇష్యూస్’, ‘సెర్చ్ ఇష్యూస్’ రెంటికీ "ఇష్యూలు తెస్తుంది" అని రాసి నేను చేసింది అదే.

టూల్ తిరిగి ఏమిస్తుందో కూడా రాయాలి. గిట్‌హబ్ ఏపీఐ దృష్టిలో ప్రతి పుల్ రిక్వెస్ట్ కూడా ఒక ఇష్యూనే, లిస్ట్ అడిగితే రెండూ కలిసి వస్తాయి. మా ఏజెంట్ "31 పెండింగ్" అని రిపోర్ట్ ఇచ్చింది, అందులో 8 పుల్ రిక్వెస్టులు. గైడ్ ముందు మేం నీళ్ళు నమిలాం.

అలాగని వ్యాసం రాయకండి. ఒక టూల్‌కి నేను పేజీ నిండా రాస్తే, ముఖ్యమైన హెచ్చరిక మధ్యలో మునిగిపోయింది. ఇంకొకటి, "డిలీట్ చేసేముందు అడుగు" అని డిస్క్రిప్షన్‌లో రాస్తే అది తాళం కాదు, మాట మాత్రమే. డిలీట్‌కి మనిషి అనుమతి అడగడం మేం కోడ్‌లోనే పెట్టేశాం.

చివరికి మా పరీక్ష చాలా చవక. పక్క రూమ్‌లో మెకానికల్ ఫ్రెండ్‌కి టూల్ పేర్లు, డిస్క్రిప్షన్లు మాత్రమే కాగితం మీద ఇచ్చి, "ఈ పనికి ఏది నొక్కుతావ్?" అని ఐదు ప్రశ్నలు అడిగాం. రెండు తప్పాడు. ఆ రెండు టూల్స్ తిరగరాశాం, వాడికి టీ ఇప్పించాం.

లేబుల్స్ అయితే తిరిగొచ్చాయి. ఏ లేబుల్ ఎప్పుడు తీసేశారో ఇష్యూ కిందే వరసగా ఉంటుంది, అది చూసి తెల్లవారుజాము మూడు దాకా చేత్తో పెట్టుకున్నాం. మొన్న రిపో చూస్తే "టాస్క్‌ని హ్యాండిల్ చేస్తుంది" అని ఇంకో టూల్ కనపడింది. ఎవడు రాశాడ్రా ఇది అని కమిట్ హిస్టరీ తీశా. నేనే.