ముందు వెళ్లినవాని బాధ్యత

మంచుకొండ వాలుపై పొడవైన పలకలు కాళ్లకు కట్టుకొని, మలుపులు లేక నేరుగా క్రిందికి జారు పందెమొకటి కలదు. దానిని స్పీడ్ స్కీయింగ్ అందురు. ఒక్కొక్కరుగా దిగుదురు, క్రింద గురుతుపెట్టిన 100 మీటర్లను దాటిన కాలమును బట్టి వేగమును లెక్కింతురు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, డురాంగో పట్టణములో పెరిగిన రాస్ ఆండర్సన్ ఈ పందెమున పేరుపొందినవాడు. ఆయన షయాన్, అరాపహో, అపాచీ అను ఆదివాసి జనముల సంతతివాడు. 2005లో ప్రపంచ పోటీలలో కంచు పతకము పొందెను. 2006లో ఫ్రాన్సు దేశములోని లెజార్క్ వద్ద గంటకు సుమారు 248 కిలోమీటర్ల వేగమందుకొనెను. అనగా ఆ 100 మీటర్లను ఒకటిన్నర సెకనులోపలనే దాటెను! దీనినుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

1. వంగుట. నిలువుగా నిలిచినవానిని గాలి అడ్డగించును. మోకాళ్లు మడిచి, తల వంచి, దేహమును ముడుచుకొనినవానికే అది దారి యిచ్చును. గర్వముతో నిక్కినవాడు త్వరగా సాగలేడు.

2. మెలకువ. 1992లో ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్సులో ఈ పందెమును ప్రదర్శనగా జరిపిరి. తుది పోటీనాటి ఉదయమున స్విట్జర్లాండు క్రీడాకారుడు నికోలా బోషతే, మంచును చదునుచేయు యంత్రమును ఢీకొని మరణించెను. అది పందెపు దారిలో జరుగలేదు. అందరు తిరుగు మామూలు వాలుపై జరిగెను. పెద్ద పరీక్షలో జాగ్రత్తగా నుండు మనము, సాధారణ దినమున ఏమరుచుందుము గదా!

3. వెనుకవారిని తలంచుట. మంచు పందెములలో తమవారిని చూచుట ఆదివాసి పిల్లలకు అరుదు. చూడనిదానిని పిల్లవాడు ఎట్లు ఆశించును? ఆండర్సన్ ఆ పిల్లలయొద్దకు వెళ్లి, వారితో మాటలాడి, ధైర్యపరచుచు వచ్చెను. పతకము గోడకు వ్రేలాడుట సులభము. ఒక బాలుని చేయి పట్టుటకు సమయమును ఓర్పును కావలెను. పౌలు తాను నేర్చినది తిమోతికప్పగించి, అతడు మరికొందరికి నేర్పవలెనని కోరెను (2 తిమోతి 2:2).

మన ఊళ్లనుండి చదువుకొని, ఉద్యోగములు సంపాదించి, పట్టణములకు వెళ్లినవారనేకులు. పండుగకు వచ్చినప్పుడు వారి క్రొత్త బట్టలను పిల్లలు చూచుచున్నారు; వారు నడచిన దారిని ఎవరు చూపుదురు?

ఆలోచించుటకు ప్రశ్నలు: మనకు దారి చూపినవారెవరు? మన వెనుక వచ్చుచున్న యౌవనస్థులలో ఒకని పేరు చెప్పగలమా? ఈ నెలలో అతని కొరకు ఒక సాయంకాలమైనను కేటాయింతుమా?